కిరణచికిత్స పొందిన చర్మము మందులకు మరల ఎఱ్ఱబారుట

క్యాన్సరు వ్యాధికి చేయు చికిత్సలలో శస్త్రచికిత్స, కిరణచికిత్స, ఔషధచికిత్స అను మూడును ముఖ్యమైనవి. అనేకులకు ఈ మూడును ఒకదాని తరువాత నొకటి అవసరమగును. ఒక్కొక్క చికిత్స వలన కలుగు ఇబ్బందులను వైద్యులు ముందుగనే చెప్పుదురు. అయితే ఒక చికిత్స ముగిసి, దాని గుర్తులు మాసి, రోగి దానిని దాదాపు మఱచిన పిమ్మట, తరువాత వచ్చిన మందు ఆ పాత చికిత్స జరిగిన చోటును మేలుకొల్పుట యొకటి కలదు. ఇది అరుదు. అరుదైనది గనుకనే దీనిని గుఱించి ముందుగా వినియుండువారు తక్కువ. సంభవించినపుడు రోగియు, ఇంటివారును మిక్కిలి బెదరుదురు. ఆ బెదరులో చేయు పనులే అసలు బాధకంటె ఎక్కువ కీడు చేయుచుండును.

పుదుచ్చేరికి దక్షిణమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున బాహూరు కలదు. పుదుచ్చేరి ప్రాంతమున ఊసుటేరి తరువాత పెద్దదైన చెరువు ఈ ఊరిదే. దాని క్రింద వరి పండును. తొమ్మిదవ శతాబ్దమున పల్లవ నృపతుంగుని కాలమునాటి తామ్రశాసనములు ఇచ్చటి విద్యాస్థానమును పేర్కొనుచున్నవి. ఈ ప్రాంతమున వీధిలో తమిళమును, ఇంటిలో తెలుగును మాటలాడు కుటుంబములు కలవు. అట్టి కుటుంబమునకు చెందిన 52 ఏండ్ల గృహిణి నొకతెను ఊహించుకొందము. ఆమెకు ఎడమ రొమ్మున క్యాన్సరు వచ్చినది. శస్త్రచికిత్స జరిగినది. తరువాత మూడు వారములపాటు, వారమునకు 5 దినముల చొప్పున, 15 పర్యాయములు కిరణచికిత్స జరిగినది. దీనినే జనులు వాడుకలో ‘కరెంటు పెట్టుట’ యందురు. ఆ దినములలో ఛాతీపై చర్మము కమిలి, ఎఱ్ఱనై, కొంత పొట్టు రాలి, నెలనాళ్లలో మానిపోయినది. కొంచెము నలుపు మాత్రము మిగిలినది. ఆమె మరల నాట్లకు పోయినది.

రెండేండ్లు గడచిన పిమ్మట వ్యాధి ఎముకలో కనిపించినది. వైద్యులు డోసిటాక్సెల్ అను మందును సెలైనుతో ఎక్కించిరి. ఇంటికి వచ్చిన అయిదవ దినమున ఛాతీపై మంట పుట్టినది. రవిక తీసి చూడగా పాత చోటు నిప్పుసెగ తగిలినట్లు ఎఱ్ఱగా నున్నది. ఆశ్చర్యకరమైన సంగతి దాని అంచు. అది గీత గీసినట్లు నిటారుగా, మూలలతో, పెట్టె ఆకారమున నున్నది. ఆ గీతకు ఆవల అంగుళము దూరమున చర్మము యథాప్రకారముగనే యున్నది.

ఇంటిలో మూడు తీర్పులు వెలువడినవి. ప్రక్కయింటి ఆమె, “ఇది అక్కి, వదినా. కుమ్మరి వద్దకు పోయి వ్రాయించుకొనుము, మూడు దినములలో మాడిపోవును” అన్నది. తోడికోడలు ఏమియు అనక కన్నీరు పెట్టుకొన్నది. రోగము చర్మము చీల్చుకొని పైకి వచ్చినదని ఆమె భయము. కుమారుడు, “ఈ మందు నీ ఒంటికి పడలేదమ్మా, ఇక వద్దు” అని తేల్చినాడు. ఈ మూడింటిలో ఏదియు సరి కాదు. మూడవది సత్యమునకు కొంత దగ్గరగా నున్నది. అయినను మూడింటిలోను మిక్కిలి ప్రమాదకరమైనది అదియే. ఎందుకనగా ఆ మాటను పట్టుకొని చికిత్సకు పోవుట మానినవారికి, మానిపోవు ఎఱ్ఱదనమునకు బదులుగా మానని వ్యాధి మిగులును.

దీనికి వైద్యులు పెట్టిన పేరునకు ‘కిరణములను మరల జ్ఞాపకము చేసికొనుట’ యని అర్థము. తెలుగున ‘కిరణస్మృతి’ అనవచ్చును. పేరు అందముగనే యున్నది గాని, చర్మమునకు జ్ఞాపకమెట్లుండునను ప్రశ్న వెంటనే పుట్టును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు కిరణములు చర్మమునకు ఏమి చేయునో తెలిసికొనవలెను.

మన చర్మపు పైపొర అడుగున ఎల్లప్పుడును విభజన చెందుచుండు కణములు కలవు. అవి పుట్టి, మెల్లగా పైకి జరిగి, పొలుసులై రాలిపోవుటకు సుమారు ఒక నెల పట్టును. కిరణచికిత్స యొక్క గుఱి లోపలి గడ్డయే యైనను, కిరణములు చర్మము గుండ పోవలసియుండుటచేత ఈ అడుగుకణములలో కొన్ని నశించును. అందుచేతనే చికిత్స మొదలిడిన రెండు మూడు వారములకు చర్మము ఎఱ్ఱబారును. చికిత్స ముగిసిన రెండు మొదలు నాలుగు వారములలో మిగిలిన కణములు లోటును పూరించును, చర్మము మానును. పైకి మానినను లోపల అది మునుపటి చర్మము కాదు. సన్నని రక్తనాళములలో మార్పు నిలిచిపోవును. అడుగుకణముల నిలువ తగ్గియుండును.

ఇచ్చట ఒక అపోహను తొలగించుట అవసరము. నివురుగప్పిన నిప్పువలె కిరణములు ఒంటిలో దాగియుండి, మందు తగులగానే రగులుకొనునని పలువురు తలంతురు. బయటినుండి యంత్రముతో ఇచ్చు కిరణచికిత్సలో యంత్రము ఆగిన క్షణముననే కిరణములును ఆగిపోవును. రోగి దేహములో అణుమాత్రమైనను మిగులదు. ఆమె మనుమని ఎత్తుకొనవచ్చును, వంట చేయవచ్చును, ఒకే చాపపై పరుండవచ్చును. ఈ ఎఱ్ఱదనము అంటురోగమును కాదు. ‘కరెంటు’ అను వాడుకమాటయే ఈ అపోహకు కొంత కారణమై యుండవచ్చును. కరెంటు అనగానే నిలువయుండు శక్తి యేదో మనస్సునకు తోచును.

మరి మేలుకొనునది ఏమి? వైద్యశాస్త్రము దీనికి పలు సమాధానములను సూచించినది, ఒక్కదానిని రూఢిగా నిర్ణయింపలేదు. నిలువ తగ్గిన అడుగుకణములు మందు కలిగించు దెబ్బను తట్టుకొనలేవని కొందరందురు. అక్కడి రక్తనాళములు మార్పు చెంది, మందు ఎక్కువగా చేరుననియు, చేరినది త్వరగా పోదనియు మరికొందరందురు. ఆ చోటి రక్షణకణములు కిరణముల దెబ్బతో మెలకువగా నుండి, చిన్న కారణమునకే పెద్ద వాపును పుట్టించునను అభిప్రాయమునకు నేడు బలము ఎక్కువగా కనుపించుచున్నది. స్టిరాయిడు మందులతో బాధ త్వరగా తగ్గుట ఈ మూడవ అభిప్రాయమునకు అనుకూలముగా నున్నది.

ఈ విషయము మొదట బయటపడిన కథలో తెలుగువానికి దూరపు బంధుత్వ మొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించెను. ఫోలిక్ ఆమ్లముపై అచ్చట ఆయన నడపిన పరిశోధనల నుండి, ఆ ఆమ్లమునకు ప్రతిగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు పుట్టినవి. బోస్టనులోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అమినోప్టెరినును రక్తక్యాన్సరుతో నున్న పిల్లలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసినదని 1948 జూనులో ప్రకటించెను. సుబ్బారావు ఆ యేడాది ఆగస్టులోనే మరణించెను. ఫార్బరు ఆ త్రోవను విడువక, మట్టిలోని సూక్ష్మజీవుల నుండి వచ్చిన ఆక్టినోమైసిన్-డి అను మందును పిల్లల గడ్డలకు ప్రయోగించెను. ఆ మందు పుచ్చుకొన్నవారిలో పూర్వము ఎక్స్‌రే కిరణములు సోకిన చోట చర్మము మరల ఎఱ్ఱబారుటను డాంజియో, ఫార్బరు, మాడక్ అను మువ్వురు 1959లో ‘రేడియాలజీ’ పత్రికలో తెలిపిరి. నాటినుండి వైద్యులు దీనికొఱకు కనిపెట్టి చూచుచున్నారు. సుబ్బారావు శాఖలో పుట్టిన మెథోట్రెక్సేటునకును ఈ గుణము కలదు. అంతేకాక, కొలది దినముల క్రితము ఎండకు కమిలి మానుచున్న చర్మమును సైత మది మరల ఎఱ్ఱబార్చిన సందర్భములు కలవు.

నేడు ఈ ప్రతిక్రియను తెచ్చునవిగా పేరొందిన మందులు డోసిటాక్సెల్, పాక్లిటాక్సెల్, డాక్సోరుబిసిన్, జెమ్‌సైటబిన్ మొదలైనవి. మాత్రలుగా మ్రింగు కాపెసిటబిన్ వలనను, టామాక్సిఫెన్ వలనను కూడ సంభవించినది. క్యాన్సరునకు సంబంధింపని మందులును ఒకటి రెండు పర్యాయములు ఈ పని చేసినవి. రొమ్ము క్యాన్సరునకు కిరణములు పొంది, తరువాత క్షయకు మందులు వాడిన రోగియందు ఇట్లు జరిగినట్లు 1995లో వెల్లడి యైనది. క్షయ విస్తారముగా నున్న మన దేశమున ఇది జ్ఞాపకముంచుకొనదగినది. 2021లో కోవిడు టీకా తరువాత కూడ ఇట్టివి కొన్ని కనబడినవి. వీనిని చూచి టీకాలకు గాని, క్షయ మందులకు గాని జంకవలసిన పని లేదు. ఇట్టి ఎఱ్ఱదనము చాల అరుదు, ఆ వ్యాధులు అరుదు కావు.

కిరణచికిత్సకును, మందునకును నడుమ గడచు కాలము కొలది దినములు కావచ్చును, పదేండ్లకు మించియు ఉండవచ్చును. మందు పడిన తరువాత మాత్రము ఎక్కువ ఆలస్యము కాదు. నరములోనికి ఎక్కించినదైనచో కొన్ని గంటల నుండి రెండు వారముల లోపల, మ్రింగు మాత్రలైనచో మరికొంత నిదానముగా కనిపించును. సాధారణముగా ఆ మందు మొదటిసారి తగిలినపుడే సంభవించును. కొందరికి ఎఱ్ఱదనము, దురద, మంటతోనే సరి. కొందరికి వాచి, పొక్కులు లేచి, చర్మము విడి రసి కారును. పుండు పడి చాలకాలము మానకుండుట చాల తక్కువమందికి మాత్రమే.

చర్మమే కాక, కిరణములు పోయిన మార్గమున నున్న లోపలి అవయవములును ఇట్లే స్పందింపవచ్చును. ఛాతీకి కిరణములు పొందినవారికి మందు పడిన తరువాత పొడిదగ్గు, ఆయాసము వచ్చినచో అది జలుబని ఊరకుండరాదు. నోటికి, గొంతునకు కిరణములు పొందినవారికి నోరు పూయవచ్చును, మ్రింగునపుడు నొప్పి కలుగవచ్చును. జెమ్‌సైటబిన్ తరువాత పాత చోటి కండరము గట్టిపడి నొప్పి పెట్టుట కలదు. అపుడు పైచర్మము చెక్కుచెదరకపోవచ్చును.

ఇక బాహూరి యింటికి తిరిగి వత్తము. అక్కి యని ప్రక్కయింటి ఆమె చెప్పిన మాటను తేలికగా త్రోసివేయరాదు. తెలుగునాట సర్పి యనునదియు ఈ అక్కియే. మందులతో ఒంటి శక్తి తగ్గినవారికి అది నిజముగనే వచ్చుచుండును. అయితే దాని తీరు వేరు. మొదట ఒక ప్రక్క పోటు పుట్టి, పిమ్మట నరము వెంట పట్టీవలె చిన్న చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేచును. పెట్టె ఆకారపు అంచు దానికి ఉండదు. ఒకవేళ అది అక్కియే యైనను, కుమ్మరి పూయు కావిమన్నుతో పని లేదు; మూడు దినముల లోపల వైద్యుడిచ్చు మాత్రలు మొదలిడినచో త్వరగా తగ్గును. మట్టిపూతలో మరియొక అపాయ మున్నది. మందు పడిన 7 మొదలు 14 దినములలో రక్తములోని తెల్లకణములు తగ్గిపోవును. ఆ సమయమున విడిన చర్మముపై మట్టి, బూడిద, పసుపుముద్ద, వేపాకు నూరినది, ఏది పెట్టినను అది సూక్ష్మజీవులకు ద్వారము తెరచుటయే యగును.

తోడికోడలి భయమునకును ఆధారము లేకపోలేదు. రొమ్ము క్యాన్సరు చర్మముపై మరల తలయెత్తుట కలదు. అది వారములు, నెలలు గడచుకొలది మెల్లగా పెరుగును; గట్టి బుడిపెలుగా, దళసరిగా చేతికి తగులును; గీతను గుర్తెరుగదు. కిరణస్మృతి కొలది దినములలో వచ్చి, మందు ఆపగా కొలది వారములలో తగ్గును. తగ్గనిచో వైద్యుడు చర్మపు తునక చిన్నది తీసి పరీక్షకు పంపును. దానికి జంకరాదు. చీము పట్టు చర్మరోగమును వేరుచేయుటకును ఈ అంచే సహాయపడును. చీముపట్టిన ఎఱ్ఱదనము నానాటికి హద్దులు దాటి ప్రాకును, తఱచు జ్వరము తోడుగా వచ్చును.

జ్వరమను మాట వచ్చినది గనుక ఒక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. మందు పుచ్చుకొనుచున్న రోగికి ఒంటివేడి 100.4 డిగ్రీలు, అనగా సెల్సియస్ కొలతలో 38, చేరినచో చర్మము ఎట్లున్నను తెల్లవారువఱకు ఆగక, ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. ఇంటిలో జ్వరమాపకము ఒకటి ఉంచుకొనుట మంచిది. చేయి పెట్టి చూచుట చాలదు.

జ్వరము లేక, ఎఱ్ఱదనము మాత్రమే యున్నచో కంగారు అక్కరలేదు, ఆలస్యమును పనికిరాదు. మరుసటి దినముననే చికిత్స జరుగుచున్న ఆసుపత్రికి తెలుపవలెను. బాహూరు వంటి ఊళ్లవారు ముందుగా తమ ఊరి ఆరోగ్యకేంద్రమున చూపించుకొని, అవసరమును బట్టి పుదుచ్చేరిలోని పెద్ద ఆసుపత్రికి పోవచ్చును. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్యపాఠశాల నుండి 1964లో రూపొందిన జిప్మెరులో ప్రాంతీయ క్యాన్సరు కేంద్రము కలదు. బయలుదేరుటకు ముందే చేతిలోని ఫోనుతో ఆ చోటును ఒక ఛాయాచిత్రము తీసికొనుట ఉపయోగకరము. ఆసుపత్రి చేరులోపల ఎఱ్ఱదనము మారిపోవచ్చును. మొదటి దినపు అంచు ఆ చిత్రములో నిలిచియుండును. సిగ్గుచే చూపక దాచుట స్త్రీలలో తఱచు జరుగు పొరపాటు. స్త్రీవైద్యురాలు కావలెనని అడుగుటలో తప్పు లేదు, చూపకుండుటలోనే తప్పున్నది.

ఈలోగా గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి, రుద్దక మెత్తని బట్టతో అద్దవలెను. వదులైన నూలు రవిక ధరింపవలెను. మంగళసూత్రపు గొలుసు ఆ చోటున ఒరయకుండ కొలది దినములు ప్రక్కకు సర్దుకొనవలెను. అవసరమైనచో తీసి దేవునివద్ద ఉంచుటకు పెద్దలు అభ్యంతరము చెప్పరాదు. ఎండలో నాట్లు, కోతలు మానవలెను. అంటించు పట్టీలు వేయరాదు. ఊడదీయునపుడు చర్మముతో కూడ వచ్చును.

వైద్యుడు సాధారణముగా ఆ మందును కొంతకాలము ఆపును. స్టిరాయిడు పూతను గాని, ఎఱ్ఱదనము తీవ్రముగా నున్నచో మాత్రలను గాని ఇచ్చును. దురదకు వేరు మాత్ర ఉండును. చర్మము విడినచో శుభ్రమైన కట్టు కట్టించును. అంగడిలో తెల్లబడుటకై అమ్ము పూతలలో కూడ స్టిరాయిడు ఉండుట కలదు. ఇదియే అదియని యెంచి వానిని కొని పూయుట తగదు. ఎంత బలమైన పూత, ఎన్ని దినములు అనునది వైద్యుడే చెప్పవలసిన విషయము.

ఇప్పుడు కుమారుని తీర్పునకు సమాధానము. ఆ మందును ఇక ఎన్నడును ఇయ్యరాదా? అట్లు కాదు. ఈ ప్రతిక్రియ విచిత్రమేమనగా, అదే మందును మరల ఇచ్చినపుడు అనేకులకు అది రానేరాదు, వచ్చినను మునుపటికంటె తేలికగా నుండును. సాధారణమైన మందు పడకపోవుటలో రెండవసారి మొదటిసారికంటె ప్రమాదమెక్కువ. ఇచ్చట ఆ లెక్క చెల్లదు. అందుచేత వైద్యుడు చర్మము మానువఱకు వేచి, మోతాదు తగ్గించియో, ముందుగా స్టిరాయిడు ఇచ్చియో అదే మందును కొనసాగింపవచ్చును. వ్యాధి ఆ మందునకు లొంగుచున్నపుడు దానిని ఊరక వదలుకొనుట తెలివైన పని కాదు. చర్మము పుండు పడినపుడును, ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవమున ప్రతిక్రియ కలిగినపుడును మరియొక మందునకు మార్చుట కలదు. మార్చుటయా, కొనసాగించుటయా యను నిర్ణయము రోగికి వివరించి, ఆమెతో కలిసి చేయదగినది.

ఈ నిర్ణయమునకు వైద్యునకు కావలసినది పాత కాగితము. మన రోగులు ఒకచోట కిరణచికిత్సను, వేరొకచోట మందులను పొందుట సామాన్యము. యానాము నుండి పుదుచ్చేరికి, నెల్లూరు నుండి అడయారునకు, పల్లెల నుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పోవుదురు, మూడేండ్ల తరువాత ఇంటికి దగ్గరలోని మరియొక ఆసుపత్రిలో చేరుదురు. అచ్చటి వైద్యునకు ఛాతీలో ఏ భాగమునకు కిరణములిచ్చిరో, ఎన్ని పర్యాయములు, గ్రే అను కొలతలో ఎంత మోతాదో, ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగిసినదో తెలియదు. ఇవన్నియు కిరణచికిత్స ముగిసిన దినమున ఇచ్చు కాగితములో నుండును. దానిని రేషను కార్డుతో సమానముగా భద్రపఱచి, ఒక నకలు వేరుగా ఉంచుకొనవలెను. ఎక్కించిన మందుల పేర్లును, తేదీలును దానితోనే కలిపి కుట్టుట మేలు.

కాగితము పోయినవారికి ఒక ఆధారము మిగిలియుండవచ్చును. కిరణచికిత్సకు ముందు చోటును కొలిచి, పచ్చబొట్టువలె చెరగని చిన్న చుక్కలను కొందరికి చర్మముపై పొడుచుదురు. ప్రతిదినము యంత్రమును ఆ చుక్కలను బట్టియే నిలుపుదురు. ఆవగింజంత నీలిచుక్కలు మూడో నాలుగో ఛాతీమీద, ప్రక్కటెముకల మీద కనిపించును. వైద్యుడు వానిని వేలితో తాకి అడుగునపుడు పుట్టుమచ్చలని చెప్పక, ‘కరెంటు’ పెట్టునపుడు వేసిన గుర్తులని చెప్పవలెను. ఎఱ్ఱదనపు అంచు ఆ చుక్కలతో సరిపోయినచో వైద్యుని సందేహము చాలవఱకు అక్కడనే తీరును.